ఆమెన్ దాకా

ఆగస్టు 5, మంగళవారం

బడి నుంచి రిటైరయ్యాక కూడా చేతికి రాసే అలవాటు పోలేదు. ఇవాళ రాయాల్సింది చాప గురించి.

ఇంకో జానెడు అల్లితే అయిపోతుంది. రెండేళ్ళ పని. మొగలాకు ఉడకబెట్టి, సముద్రపు నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, దారమంత సన్నగా చీల్చి అల్లుతున్నాను. కొత్త మందిరం ప్రతిష్ఠ రోజున ఊరేగింపులో ముందు నడిచేది ఈ చాపే. పాస్టరమ్మ గారు ఇవాళ వేళ్ళతో తడిమి చూసి, "ఫువాతినో, సమోవా మొత్తంలో ఇంత మెత్తటి చాప నేను చూడలేదమ్మా" అన్నారు. నిజానికి సంతోషం పట్టలేకపోయాను. గర్వం కాదు. దేవుడికి ఇచ్చేది మంచిదే ఇవ్వాలి కదా.

పక్కింట్లోంచి సాయిలక్క అరిచింది. మా రెండిళ్ళకీ గోడల్లేవు, స్తంభాలే. మాట వినపడటానికి గొంతు పెంచక్కర్లేదు, కానీ ఆవిడ పెంచుతుంది.

"ఏమే ఫువా! దేవుడికి కూర్చోడానికి చాప కూడా లేదా పాపం?"

"నీకు లేనిది దేవుడికి ఎందుకు లేకుండా ఉంటుందక్కా" అన్నాను. పాస్టరమ్మ నవ్వారు.

సాయిలక్క గుడికి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆదివారం ఆరాధన చివర్లో ఎవరింటి కానుక ఎంతో పేర్లతో చదువుతారు. ఒక ఏడాది సాయిలి పేరు చదివి, "ఏమీ లేదు" అన్నారు. వెనక బెంచీల్లో నవ్వారు. అంతే, మళ్ళీ గడప తొక్కలేదు. భర్త పోయాడు, పిల్లల్లేరు. అయినా ఆవిడ పిసినారితనం అప్పుడు మొదలైంది కాదు. ఆవిడ చెట్టు సీమపనసకాయ మా వైపు పడితే కర్ర పట్టుకుని వచ్చి తీసుకెళ్ళే మనిషి. ముప్పై ఏళ్ళుగా పక్కపక్కన ఉన్నాం. ఒక్క కాయ "తీసుకోవే" అన్నది లేదు. మా ఇంట్లో పంది కోస్తే మొదటి ముక్క పాస్టరు గారింటికి, రెండోది ఆవిడకి. దేవుణ్ణి నమ్మినవాళ్ళకీ నమ్మనివాళ్ళకీ తేడా అదే.

మా ఆయన ఎతువాలె కూడా అదే అంటాడు. సంఘపెద్ద కదా, కొంచెం గట్టిగానే అంటాడు. పోయిన నెల, ఎవరింట్లో వాళ్ళు చేసుకునే సాయంత్రం ప్రార్థనకి శంఖం ఊదాక, పంది తప్పించుకుందని వడ్రంగి సియోనె రోడ్డు మీద పరిగెత్తాడు. ఆ వేళ ఎవరూ రోడ్డెక్కకూడదని సియోనెకి తెలియదా? పెద్దల సభలో ఎతువాలె పట్టుబట్టి వాళ్ళింటికి జరిమానా వేయించాడు. పంది కోసం ఒకడు, కోడి కోసం ఒకడు లేస్తే ఇక ప్రార్థన ఎందుకన్నాడు. న్యాయమే.

ఆగస్టు 8, శుక్రవారం

తెల్లారేసరికి రోడ్డవతల లెసా ముసలాయన ఇంటి ముందు పక్క ఊరి పెద్దలు ఐదుగురు. తలల మీద మేలిరకం చాప కప్పుకుని, వంగి కూర్చున్నారు. వాళ్ళ కుర్రాడి ట్రక్కు లెసా మనవణ్ణి గుద్దింది. పిల్లాడు బతికాడు, చెయ్యి విరిగింది. ఇంట్లోవాళ్ళు వచ్చి ఆ చాప తీస్తే క్షమించినట్టు. తీయకపోతే తలమీద రాళ్ళు వేసినా అడిగేవాడు లేడు, కూర్చున్నవాళ్ళు కదలకూడదు.

ఎండ బాగా ఎక్కేదాకా లెసా బయటికి రాలేదు. వచ్చి, చాప తీసి, ఆ పెద్దాయన్ని పట్టుకుని ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. చాప లెసా ఇంట్లోకి వెళ్ళింది.

మంచి చాపే. నాదంత సన్నం కాదు.

ఆగస్టు 13, బుధవారం

సాయంత్రం సాయిలక్క కాలు కాలింది. దుంపలు ఉడికే నీళ్ళ కుండతో సహా జారి పడింది. ప్రార్థన అయ్యాక చూశాం. గాలి అటువైపు వీస్తోంది, మాకేమీ వినపడలేదు.

ఆగస్టు 14, గురువారం

సియోనె ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించి తెచ్చాం. ఎతువాలె ఆవిణ్ణి చేతుల మీద మోశాడు. నా మంచి దుప్పటి పరిచాను. దారిలో దుప్పటి మీద బొబ్బల రసి మరక పడితే, "కొత్తదా?" అని మాత్రం అడిగింది.

డాక్టరమ్మ చిన్న పిల్ల. చక్కెర జబ్బుతో ఆ కాలికి స్పర్శ ఎప్పుడో తగ్గిపోయిందట, అందుకే నొప్పి అంతగా తెలియలేదట. "కాలగానే చల్లటి నీళ్ళు పోసి ఉంటే బాగుండేదమ్మా. పక్కన ఎవరూ లేరా?" అంది.

"ప్రార్థన వేళ" అన్నాడు ఎతువాలె.

ఆ అమ్మాయి తలూపింది. ఆమెదీ ఈ దీవే కదా.

ఆగస్టు 15

గాలి అటే వీస్తోంది ఆ రోజు. కొబ్బరాకులు సముద్రం వైపు వాలి ఉన్నాయి, నేను చూశాను.

ఆగస్టు 17, ఆదివారం

పాస్టరు గారు ప్రసంగంలో మా పేరు చెప్పారు. "గుడికి రాని మనిషిని కూడా మోసుకెళ్ళిన చేతులు చూడండి. విశ్వాసం ఉన్న ఇల్లు ఎలా ఉంటుందో చూడండి." అందరూ మా బెంచీ వైపు తిరిగారు. నేను తల దించుకున్నాను. బయటికొచ్చాక అందరూ నా వినయం గురించి మాట్లాడారు.

మధ్యాహ్నం సాయిలక్కకి కోడి వండి పంపాను. మొత్తం కోడి.

ఆగస్టు 20, బుధవారం

ఇప్పుడు కట్టు నేనే మారుస్తున్నాను. వాసన వస్తోంది. ఊపిరి బిగబట్టి చేస్తుంటే ఆవిడ చూసేసింది.

"ముక్కు మూసుకోవే, నేనేమీ అనుకోను."

"లేదక్కా, జలుబు."

"నీకు అబద్ధం ఆడటం రాదు. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు కూడా నీకేదైనా తెలియకపోతే చెవి గోక్కునేదానివి."

చెవి మీద నుంచి చెయ్యి తీశాను. ఎలాగో ధైర్యం చేసి అడిగాను. "ఆ రోజు పిలిచావా అక్కా?"

నన్ను చూసింది. "పిలిచానో లేదో. ఏం, వినపడిందా?"

"లేదు."

"అయితే పిలవలేదేమో" అని అటు తిరిగి పడుకుంది.

ప్రాణం లేచి వచ్చింది. ఇంటికొచ్చి చాప ముందు కూర్చుని చాలా అల్లాను.

ఆగస్టు 24, ఆదివారం

విన్నాను.

ఒక్కసారి. "ఫువాతినో!" అని. ముందు కుండ పడిన చప్పుడు, తర్వాత నా పేరు. గాలి ఎటు వీస్తే ఏం, మా రెండిళ్ళకీ మధ్యలో ఉన్నది ఒక్క చామంతి మడి.

కళ్ళు తెరిచాను. ఎతువాలె కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. నన్ను చూశాడు. నేను చూశాను. రోడ్డు మీద, ప్రార్థన వేళ ఎవరూ తిరక్కుండా చూసే కాపలా కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. తర్వాత ఆయన కళ్ళు మూసుకుని గొంతు పెంచి ప్రార్థన సాగించాడు. నేనూ మూసుకున్నాను. ఆమెన్ అవ్వగానే వెళ్దాం అనుకున్నాను. ఆ రోజు ప్రార్థన ఎంతకీ అవ్వలేదు.

ఆయన ఏం ప్రార్థించాడో నాకు గుర్తులేదు. నేను ఆమెన్ కోసమే వింటున్నాను.

ఆగస్టు 26

ఎతువాలెని అడిగాను. ఆయన వల బాగు చేసుకుంటున్నాడు.

"నువ్వు విన్నావు కదయ్యా?"

"ఏం వినాలి?"

"నా మొహం చూసి చెప్పు."

వల కింద పెట్టాడు. "సియోనెకి జరిమానా వేయించింది ఎవరు? నేను. పదిమందిలో నిలబడి, ప్రాణం మీదికొస్తే తప్ప లేవకూడదన్నాను. కుండ పడిన చప్పుడుకి నేను లేచి పరిగెత్తితే? ప్రాణం మీదికొచ్చిందని నాకేం తెలుసు?"

"వెళ్తేనే కదా తెలిసేది."

"నువ్వు వెళ్ళాల్సింది. నీ పేరే కదా పిలిచింది."

మళ్ళీ వల తీసుకున్నాడు. ముడి పడలేదు. జాలేసింది, ఒళ్ళూ మండింది. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

పుండు మానలేదు. అపియా పెద్దాసుపత్రిలో సాయిలక్క కాలు మోకాలి కిందికి తీసేశారు.

సెప్టెంబరు 22

కొత్త దుప్పట్లు రెండు, టీ కెటిల్, నేను పడుకునే చాపలు మూడు, కోడిపెట్టల్లో సగం. అన్నీ పక్కింటికి చేరాయి. ఎతువాలె తనే వెళ్ళి ఆవిడ ఇంటి మెట్లు తీసేసి, కర్రల మీద ఎక్కడానికి వీలుగా వాలుగా రాళ్ళు పేర్చాడు.

మహిళా సంఘంలో ఇదే మాట. "ఫువాతినోని చూసి నేర్చుకోవాలి." నన్ను చూసి లెసా కోడలు సాయిలక్కకి చేపలు తెచ్చింది. ఇంకెవరో సబ్బులు. ఊరు ఊరంతా ఆ ఇంటికి మోస్తోంది. పాస్టరమ్మ గారు వచ్చి, ప్రతిష్ఠ రోజున నేను లేచి సాక్ష్యం చెప్పాలన్నారు. విశ్వాసం మనిషి చెయ్యి ఎలా విప్పుతుందో చెప్పాలట.

"అది విశ్వాసం కాదమ్మా" అన్నాను.

"మరేంటి?"

ఆవిడ నా చెయ్యి నొక్కి, "ఈ తగ్గింపే చెప్పు, చాలు" అన్నారు.

చిన్నప్పటి నుంచీ ఇస్తూనే ఉన్నాను. పేరు చదివినప్పుడు వెన్ను నిటారుగా ఉండేది, అది నాకు తెలుసు. ఇప్పుడిస్తుంటే వెన్ను వంగిపోతోంది. అప్పటిది భక్తి అయితే ఇదేంటి? ఇది భయం అయితే అప్పటిది ఏంటి? లెసా కోడలు తెచ్చిన చేప మాత్రం మంచి చేపే. సాయిలక్క తల కూడా వదల్లేదు.

సెప్టెంబరు 30, మంగళవారం

చాప అయిపోయింది. ఎర్ర ఈకల అంచు కూడా కుట్టేశాను. సంఘం వాళ్ళు అందరూ పట్టుకుని ఎండలో చాచారు. మెరిసింది. కింద నిలబడితే వెలుగు చాపలోంచి దిగుతోంది, అంత సన్నం.

సాయిలక్క కూడా వచ్చి ఒక పక్కన కూర్చుంది. కర్రల మీద. చూడ్డానికి చాప ఆవిడ దగ్గరికి తెచ్చాను. నాకు అల్లడం నేర్పింది ఆవిడే, ఆ మాట ఇన్నాళ్ళూ రాయనే లేదు. ఆవిడ ఒడిలో పరిస్తే వేలితో ఒకచోట ఆగింది.

"ఇక్కడ వదులైంది."

చూశాను. ఆగస్టులో అల్లిన చోటు.

"నేనిక అల్లలేను కదే. మడిచిన కాలి కింద తొక్కిపట్టకపోతే చాప జారిపోతుంది" అంది. తర్వాత నవ్వింది. "పోనీలే. సగం చాపలు అల్లుతా. సగం ధరకి అమ్ముతా."

నేను నవ్వలేదు. "ఏడవకే, ఈకలు తడుస్తాయి" అంది.

అక్టోబరు 7

సాక్ష్యం రాద్దామని కూర్చున్నాను. "ప్రియమైన సంఘస్థులారా" దాకా వచ్చింది.

అక్టోబరు 11

అదే.

అక్టోబరు 14

చెప్పకుండా ఉండొచ్చు. ఆవిడకి గుర్తులేదన్నది. కాలు ఎలాగూ పోయేదేనేమో, చక్కెర అంత ఉంది. డాక్టరమ్మ కూడా "ఏమో, చెప్పలేం" అంది. నేను చెప్తే ఆవిడకి కాలు వస్తుందా? ఎతువాలె పరువు పోతుంది. సాక్ష్యం చెప్పి, చాప ఇచ్చి, జీవితాంతం ఆవిడకి వండిపెడతాను. అది చాలదా?

చెవి గోక్కుంటూ రాస్తున్నాను ఇదంతా.

అక్టోబరు 16, గురువారం

తెల్లారకముందే లేచాను. పెట్టెలోంచి చాప తీస్తుంటే ఎతువాలె లేచాడు.

"అదెక్కడికి?"

"పక్కింటికి."

అర్థమైంది ఆయనకి. "ఆడదానివి ఒక్కదానివి వెళ్ళి కూర్చోవడం ఎక్కడైనా ఉందా? అది పెద్దలు చేసే పని. ఎల్లుండి ప్రతిష్ఠ పెట్టుకుని, దేవుడికిచ్చిన చాప..."

"ఇంకా ఇవ్వలేదు" అన్నాను.

చామంతి మడి దాటి, ఆయన పేర్చిన రాళ్ళ దగ్గర గులకరాళ్ళ మీద కాళ్ళు మడిచి కూర్చుని, చాప తలమీద కప్పుకుని వంగాను. లోపల మొగలాకు వాసన. వెలుతురు మెల్లగా చాపలోంచి దిగింది. రోడ్డు మీద అడుగులు ఆగడం, గుసగుసలు, ఎవరో పాస్టరమ్మ పేరు చెప్పడం, అన్నీ వినపడ్డాయి. సాయిలక్క లోపల కదలడం కూడా. టీ పెట్టుకుంది. చెంచా తిప్పింది. తాగింది. నన్ను చూడకుండా ఉండే అవకాశమే లేదు.

మోకాళ్ళు తిమ్మిరెక్కి, తర్వాత నొప్పి, తర్వాత ఏమీ తెలియలేదు. ఆవిడ కాలికి ఇలాగే ఉండేదేమో అనుకున్నాను.

ఎంతో సేపటికి కర్రల చప్పుడు. ఆ రాళ్ళ మీద దిగడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. లేచి పట్టుకోవాలనిపించింది. కదలకూడదు. ఆఖరి రాయి దగ్గర ఒక కర్ర కింద పడింది. ఆవిడ నేలమీద కూలబడి, దేక్కుంటూ వచ్చి చాప లాగేసింది.

"ఎందుకే ఈ వేషం?"

"విన్నానక్కా. ఆ రోజు నువ్వు పిలిస్తే విన్నాను. రాలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"నీ తల ఇటు తిరగడం చూశాను. గోడలున్నాయా మనకి?"

ఆవిడ చాప అంచు ఈకలు సర్దుతూ చెప్పింది.

"ఒక్కసారే పిలిచాను. రెండోసారి పిలుద్దామనుకునేలోపు మీ ఆయన గొంతు పెంచి నా పేరెత్తాడు. 'ప్రభువా, మా పొరుగింటి సాయిలిని జ్ఞాపకం చేసుకో, ఆమెని ఒంటరిగా విడవకు' అన్నాడు. నా పేరు ప్రార్థనలో విని ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? గుడిలో 'ఏమీ లేదు' అని చదివారే, అదే ఆఖరు. కాలు పెద్దగా నొప్పి లేదు. సర్లే, నాకోసం చేస్తున్న ప్రార్థన మధ్యలో ఆపడం ఎందుకు, అయ్యేదాకా ఆగుదాం అనుకున్నా. ఎంత బాగా చేశాడో! ఎంత పొడుగు చేశాడో!"

ఆవిడ వెక్కిరించడం లేదు. అదే నేను భరించలేకపోయింది. గులకరాళ్ళ మీద పడి ఏడ్చాను. ముప్పై ఏళ్ళలో ఒక్క కాయ ఇవ్వని మనిషి, ఆ సాయంత్రం మా ప్రార్థన పాడవకూడదని నోరు మూసుకుని పడుకుంది.

తల ఎత్తితే చామంతి మడి అవతల ఎతువాలె నిలబడి ఉన్నాడు. మొత్తం విన్నాడు. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

"లే" అంది సాయిలక్క. "నన్ను లేపు ముందు. చాప ఇక్కడే పెట్టు. తీసినవాళ్ళదే కదా చాప."

అక్టోబరు 18, శనివారం

ప్రతిష్ఠ బాగా జరిగింది. ముందు లెసా కోడలి చాప నడిచింది. పాస్టరమ్మ గారు నాతో మాట్లాడలేదు. సాక్ష్యం ఎవరూ అడగలేదు. వెనక బెంచీలో కూర్చున్నాను. ఎతువాలె సంఘపెద్దల వరసలో కూర్చోకుండా నా పక్కన కూర్చున్నాడు. పాటలు పాడలేదు.

అక్టోబరు 20, సోమవారం

సాయంత్రం శంఖం ఊదారు. కూర్చున్నాం. ఎతువాలె నోరు తెరిచాడు. "ప్రభువా" అన్నాడు. తర్వాత ఏమీ రాలేదు. నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. రోడ్డు మీద కుర్రాళ్ళు అటూ ఇటూ నిలబడ్డారు. ఊరంతా పాట మొదలైంది.

"ఫువాతినో!"

లేచాను. చామంతి మడి మధ్యలోంచి తొక్కుకుంటూ పరిగెత్తాను. చెప్పులు కూడా లేవు. ఒక కుర్రాడు "పెద్దమ్మా, ప్రార్థన వేళ!" అని అరిచాడు. ఆగలేదు. వెనకాల దడదడ అడుగులు. తిరిగి చూస్తే ఎతువాలె, రెండు చేతులతో నీళ్ళ బకెట్టు పట్టుకుని, దారంతా ఒలకబోసుకుంటూ వస్తున్నాడు.

సాయిలక్క స్తంభానికి ఆనుకుని, నా చాప మీద కూర్చుని ఉంది. చుట్టూ చూశాను. పొయ్యి ఆరిపోయి ఉంది. కుండ బోర్లించి ఉంది.

"ఏమైందక్కా?"

"ఏం కాలేదు. వస్తారో రారో చూద్దామని" అంది.

ఎతువాలె బకెట్టు కింద పెట్టి అక్కడే కూలబడ్డాడు. సాయిలక్క బకెట్టులోకి తొంగి చూసింది.

"సగమే తెచ్చావు" అంది.